సమస్యాపూరణం: "నీరు త్రాగకున్న నిండు బ్రతుకు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. నీళ్ళు తాగకపోతే బతుకు నిండేదెలా అన్నదే చిక్కు. దీన్ని గెరెనూక్ మీదే పూరించాలి. కెన్యా, ఇథియోపియా, సోమాలియాల ఎండు పొదల్లో తిరిగే పొడుగు మెడ జింక ఇది. భుజం దగ్గర ఎత్తు సుమారు 1 మీటరు. వెనక కాళ్ళ మీద లేచి నిలబడిందంటే 2 మీటర్ల ఎత్తున ఉన్న ఆకులు కూడా అందుతాయి. మూడో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తే జింక కళ్ళకు కట్టాలి. నిఘంటువు తీయాల్సిన పద్యాలు ఈసారి వద్దు.

బడిపంతులు:
వెనుక కాళ్ళపైన వీలుగా నిలుచుండి
మెడను చాచి చిగురు మెక్కు జింక;
ఆకులోని తేమ యదియె దానికి నీళ్ళు
నీరు త్రాగకున్న నిండు బ్రతుకు!

ఖమ్మం అక్క:
మాస్టారూ, ధార హాయిగా ఉంది. మూడో పాదంలో చిక్కు విడిపోయింది, పిల్లలు ఎవరినీ అడగక్కర్లేదు. 'మెక్కు' ఒక్కటే నాకు నచ్చలేదు. గెరెనూక్ ఆబగా తినదు. సన్నటి మూతిని తుమ్మముళ్ళ మధ్య దూర్చి, పెదవులతో ఒక్కో చిట్టి ఆకునే ఏరుకుంటుంది. 'మేయు జింక' అనండి, గణమూ చెదరదు, యతీ చెదరదు.

బడిపంతులు:
అలాగే అక్కా, 'మేయు' ఖాయం. ముళ్ళ మధ్య మూతి దూర్చే సంగతి మీద ఇంకో పద్యమే రాయొచ్చు.

ఖమ్మం అక్క:
పొదను పిల్ల దాచి పోయి మేసెడి తల్లి
కొమ్ము లూపికొనుచు కూన జేరు;
పాలలోనె యుండు బంగారు తండ్రికి
నీరు, త్రాగకున్న నిండు బ్రతుకు!

నైరోబీ తెలుగు:
అక్కా, ఆ విరుపు అద్భుతం! 'నీరు' పై పాదంతో కలిసిపోయేసరికి సమస్య అర్థమే మారింది. కానీ ఆడ గెరెనూక్‌కు కొమ్ములుండవు, మగవాటికే ఉంటాయి. ఇక్కడ సాంబూరు అభయారణ్యంలో ఆడదేదో మగదేదో చెప్పేది కొమ్ములు చూసే. పద్యంలో నేర్చుకున్నది పిల్లలు ఓ పట్టాన మరిచిపోరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. రెండో పాదం ఇలా మార్చితే?

కుడుప పాలు వచ్చి కూన జేరు

నిజంగా జరిగేదీ ఇదే. పుట్టిన మొదటి వారాల్లో పిల్ల పొదలో కదలకుండా పడుకుంటుంది, తల్లి రోజులో కొన్నిసార్లే వచ్చి పాలిస్తుంది. నక్కలు వాసన పట్టకుండా పిల్ల మలమూత్రాలను కూడా తానే నాకి శుభ్రం చేస్తుంది. పద్యం చెప్పాక పిల్లలకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి, నోళ్ళు వెళ్ళబెట్టి వింటారు.

ఖమ్మం అక్క:
మీ పాదమే ఉంచేద్దాం తమ్ముడూ. పాల మాట ముందే రావడంతో మూడో పాదానికి దారి కూడా కుదిరింది.

నైరోబీ తెలుగు:
ఇక నా పూరణ. ఒకే తుమ్మచెట్టు దగ్గర మూడు జంతువులు మేయడం ఇక్కడ మామూలే. చిట్టి జింక అన్నది డిక్‌డిక్‌ని, మోకాలి ఎత్తు కూడా ఉండదు.

పైన మేయు జిరఫి పంచుకొన్నది కొమ్మ
క్రింద చిట్టి జింక గిల్లు నాకు
నడుమ లేచి నిలిచి నమలు మా గెరెనూకు;
నీరు త్రాగకున్న నిండు బ్రతుకు!

బడిపంతులు:
ఎవరి ఎత్తులో వాళ్ళు మేస్తే ఒకే చెట్టు ముగ్గురికీ సరిపోతుందన్నది చాలా పెద్ద విషయం, నాలుగు పాదాల్లో ఇమిడింది. అయితే మా క్లాసులో 'గిల్లు నాకు' అని చదివితే నన్ను గిల్లమంటున్నారనుకుంటారు! ఆకును విడదీసి చెప్పే ఓపిక ఆ వయసుకు ఉండదు. 'గిల్లు చిగురు' అంటే గోల లేదు, 'చిగురు' నగణమే. ఇంకొకటి: నీళ్ళు ఎందుకు అక్కర్లేదో మీ పద్యం చెప్పలేదు. ముందు నా పద్యం, తర్వాత మీది చదివిస్తే సరి.

నైరోబీ తెలుగు:
'చిగురు'గా మార్చాను మాస్టారూ. మీరన్న వరస బాగుంది.

నిర్వాహకుడు:
మూడూ సవరించిన రూపంలోనే సంకలనంలోకి వెళ్తాయి. మగదాని గురించి ఇంకా ఎవరూ రాయలేదు. కంటి ముందున్న గ్రంథి నుంచి వచ్చే నల్లటి జిగురును పుల్లలకు పూసి, ఇది నా చోటని మిగతా మగవాటికి తెలియజేస్తుంది. ఆదివారం రాత్రి దాకా సమయం ఉంది, ప్రయత్నించండి.