స్టేజీ వెనక అందరూ అరిచేవాళ్లే. డైరెక్టర్ అసలేం చేయాలి?

ప్రశ్న: మాది డిగ్రీ కాలేజీ. వచ్చే నెల వార్షికోత్సవం, గ్రౌండ్‌లో ఓపెన్ స్టేజీ, సాయంత్రం 5కి మొదలు. 22 ఐటమ్‌లు, మూడు కెమెరాలు, ఎల్ఈడీ వాల్, యూట్యూబ్ లైవ్. ప్రిన్సిపాల్ గారు "డైరెక్షన్ మీరే చూసుకోండి" అనేశారు. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నాటకానికి డైరెక్టర్ అంటే రిహార్సల్స్ చేయిస్తాడని తెలుసు. కార్యక్రమం నడుస్తున్నప్పుడు అతనికి పనేముంటుంది? పోయినేడాది ఒక పాటకు బదులు ఇంకోటి వేశారు, పిల్ల స్టేజీ మీదే ఏడ్చేసింది. అప్పట్నుంచీ టెన్షన్‌గానే ఉంది.

జవాబు (ఈవెంట్లు నడిపేవారు): సార్, ముందు ఒక మాట. ఆ రోజు మీ చేతిలో బొకే, పెన్‌డ్రైవ్, శాలువా ఏదీ ఉండకూడదు. డైరెక్టర్ ఏదో ఒకటి మోస్తున్నాడంటే షో వదిలేసినట్టే. మీరు స్టేజీ వెనక కాదు, ఎదురుగా సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చోండి. లైట్ల అబ్బాయినీ పాటలు వేసే అబ్బాయినీ పక్కనే పెట్టుకోండి. "ఇప్పుడు" అని చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి, అది మీదే.

చెప్పే పద్ధతి ఇది: ముందు "పాట 7 స్టాండ్‌బై". అంటే సిద్ధంగా ఉండమని. అవతలివాడు "స్టాండ్‌బై" అని తిరిగి చెప్పాలి. తర్వాత "పాట 7... గో". గో అనేది చివరి మాట. అది వినగానే వేలు బటన్ మీద పడిపోవాలి, కాబట్టి మామూలు కబుర్లలో ఆ మాట వాడొద్దు. మన భాషలో ఇంకో చిక్కు ఉంది, నేను అనుభవించాను. "కానీ, యాంకర్ ఇంకా రాలేదు" అందామని "కానీ" అన్నాను. లైట్లవాడు "కానీయ్" అనుకుని స్టేజీ అంతా చీకటి చేసేశాడు. పాపం, వాడి తప్పేముంది!

పోయినేడాది పాట మారడానికి కారణం ఫైల్ పేర్లే అయ్యుంటుంది. పిల్లలు తెచ్చే ఫైళ్లలో సగం "ఫైనల్", మిగతా సగం "న్యూ ఫైనల్". వాటిని ఐటమ్ నంబరుతో 01, 02 అని మార్చి, ముందు రోజే ప్రతిదాన్నీ మొదటి పది సెకన్లు వినండి. ఫోన్ నుంచి వేయాల్సి వస్తే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి.

ఇక టైమ్. బహిరంగ స్థలంలో రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు మామూలుగా కుదరవు, అంటే మీకున్నవి 300 నిమిషాలు. మార్పులతో కలిపి ఐటమ్‌కు 8 చొప్పున 176. ప్రసంగాలకూ బహుమతులకూ 90 అనుకుంటే మిగిలేవి 34. ముఖ్య అతిథి లేటుకే అవి సరిపోవు. అందుకే ఆలస్యమైతే ఏది కోయాలో ఇప్పుడే ప్రిన్సిపాల్ గారితో ఒప్పించుకోండి. నన్నడిగితే బహుమతులు కొన్ని మర్నాడు క్లాసులో ఇచ్చేయొచ్చు. నెల రోజులు ప్రాక్టీస్ చేసిన పిల్లల డాన్సు మాత్రం కోయకండి.

జవాబు (కెమెరా, స్విచింగ్ పని చేసేవారు): కెమెరాలకు వేరే మనిషి ఉండాలి. ఒకే మనిషి స్టేజీనీ షాట్లనీ నడపలేడు. ఆ మనిషి ఐటమ్‌లను ముందే చూసి ఉండాలి, ఇది మాత్రం తప్పనిసరి. ఒకసారి కూచిపూడి తరంగం జరుగుతోంది. అమ్మాయి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి అడుగులు వేస్తోంది, మా లైవ్‌లో మాత్రం ముఖం క్లోజప్ పోతోంది. తరంగం చూసేదే ఆ పాదాల కోసం! చూసి ఉంటే పళ్లెం స్టేజీ మీదికి రాగానే రెండో కెమెరాకు "టూ, పాదాలు పట్టు" అని చెప్పి, ఫ్రేమ్ కుదిరాక "టూ, టేక్" (అంటే ఆ షాట్ లైవ్‌లోకి) అనేవాణ్ణి. గ్రూప్ డాన్సుకు ఒక కెమెరా ఎప్పుడూ స్టేజీ మొత్తం పట్టే వైడ్‌లోనే ఉండాలి. ఏం చేయాలో తోచనప్పుడు దానికి వెళ్లిపోవడమే.

ఎల్ఈడీ వాల్ మీద డాన్సును లైవ్‌గా చూపించకండి. బొమ్మ స్విచర్ (ఏ కెమెరా బొమ్మ వెళ్లాలో మార్చే పెట్టె) దాటి వాల్‌కు చేరేసరికి కొన్ని ఫ్రేములు వెనకబడుతుంది. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. నాలుగు పోయినా అడుగు ఒకచోట, తాళం ఒకచోట అన్నట్టు కనిపిస్తుంది. డాన్సుకు వాల్ మీద బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ, ప్రసంగానికి లైవ్ పెట్టండి.

అడిగినవారు: హెడ్‌సెట్లకు బడ్జెట్ లేదండీ. వాట్సాప్ గ్రూప్ కాల్ చాలదా?

మొదటి జవాబిచ్చినవారు: క్యూలకు, అంటే "గో" లాంటి సూచనలకు, వద్దు సార్. మాట ఆలస్యంగా వెళ్తుంది. పైగా జనం నిండాక నెట్‌వర్క్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. లైట్లు, పాటలు మీ పక్కనే ఉంటాయి కాబట్టి తెర వెనక ఒక్కరితోనే మాట కలవాలి. సౌండ్ వాళ్లను అడిగి ఒక జత వాకీటాకీలు అద్దెకు తీసుకోండి. తెర వెనక మనిషికి పని ఒక్కటే: తర్వాతి రెండు ఐటమ్‌ల పిల్లలు రెడీగా ఉన్నారో లేదో చెప్పడం.

అడిగినవారు: అతిథి లేటైతే జ్యోతి ప్రజ్వలన కోసం ఆగాలా?

అదే వ్యక్తి: ఆగకండి. ప్రార్థన అయ్యాక రెండు డాన్సులు నడిపించేయండి, ఆయన వచ్చాక జ్యోతి వెలిగించవచ్చు. ఆ క్యూలో ముందు రాయాల్సింది "స్టేజీ ఫ్యాన్లు ఆఫ్" అని. వత్తులు ముందే నూనెలో తడిపి కొసల మీద కర్పూరం పెట్టించండి. అగ్గిపెట్టెలు రెండు ఉంచండి.