1969 కమారో కారుకి ఏ ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లుండే మొండెం) మేలు: ఇనుమా, అల్యూమినియమా?

గోదారి_గేర్‌బాక్స్ (డల్లాస్):
అన్నలూ, పోయిన నెల 1969 షెవర్లే కమారో కొన్నా. 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ. కంప్రెషన్ అన్ని సిలిండర్లలో 150 దగ్గరుంటే మూడో దాంట్లో 90 దాటట్లేదు. మన భాషలో బోరుకొచ్చింది, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగింది. ఎలాగూ ఇంజిన్ దించాలి. అల్యూమినియం బ్లాక్ ఎల్‌ఎస్ (షెవర్లే తర్వాతి తరం ఇంజిన్) పెట్టేయనా, ఉన్న ఇనుప బ్లాకునే బోరింగ్ చేయించి సిలిండర్ గోడలు గీకించనా? బండి అమ్మినాయన ఒరిజినల్ ఇంజినే అన్నాడు.

డెట్రాయిట్_బాబాయ్:
అల్యూమినియం మోజు ఇప్పటిది కాదు తమ్ముడూ. మీ బండి ఏడాదిలోనే షెవర్లే వాళ్లు 427 అల్యూమినియం బ్లాకుతో జెడ్‌ఎల్1 కమారోలు కట్టారు, మొత్తం 69 బండ్లు. ఇంజిన్‌కే 4,160 డాలర్లు అదనం, బండి 7,000 దాటింది. అమ్ముడుపోక కొన్నిటిని డీలరే వెనక్కి పంపాడు! అందులోనూ పిస్టన్ రాసుకునేది ఇనుప స్లీవ్ (సిలిండర్లో తొడిగే గొట్టం) మీదే. స్లీవ్ కూడా అక్కర్లేదని 1971లో వేగా అనే చిన్న కారులో సిలికాన్ కలిపిన అల్యూమినియం బోర్లు పెట్టి చూశారు. వేడెక్కితే బోర్లు గీతలు పడి ఆయిల్ తాగేవి. ఆ పేరు ఇంకా పోలేదు.

ఆటోనగర్_అబ్బాయి:
మా నాన్నది బెజవాడ ఆటోనగర్‌లో బోరింగ్ షాపు. బోర్ లోపల గోరు పెట్టి పైకి లాగేవాడు. పైఅంచున గోరు అరుగుదల మెట్టుకి తగిలి ఆగితే చాలు, మైక్రోమీటర్ తీయకుండానే రేటు చెప్పేవాడు. పాత 350 బోర్ 4 అంగుళాలు. ముప్పై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్దది చేస్తే ఇంజిన్ 355 అవుతుంది, దమ్మున్న ఇనుము కాబట్టి సాధారణంగా తట్టుకుంటుంది. ఎల్‌ఎస్1 స్లీవులు పల్చన, పది థౌ దాటి గీకడానికి లేదు. అది బోరుకొస్తే కొత్త స్లీవులే. ఏదైనా ముందు సోనిక్ టెస్ట్ (శబ్ద తరంగాలతో కొలత) చేయించి గోడ మందం చూడండి.

హ్యూస్టన్_వదిన:
మా 1972 షెవర్లే నోవాలో 2000 మోడల్ కమారోది ఎల్‌ఎస్1 పెట్టాం. పవర్ స్టీరింగ్ లేని బండి. ఇదివరకు పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు పడిపోయేవి, ఇంజిన్ బరువు తగ్గి ఇప్పుడు నేనే తిప్పుతున్నా. కానీ ఫ్యూయల్ పంపు, కంప్యూటర్, వైరింగ్, ఆయిల్ పాన్... ఇంజిన్ ధర ఒక్కటే కాదు, అసలు ఖర్చు వీటిదే. ఒకసారి టార్క్ రెంచ్ లేకుండా చేతి లెక్కన బోల్టు బిగించా. కసుక్కున తేలిపోయింది. తీసి చూస్తే బోల్టు చుట్టూ స్ప్రింగులా అల్యూమినియం తీగ! హెలికాయిల్ (పాడైన మరలో వేసే తీగ చుట్ట) వేయించాల్సి వచ్చింది. రేడియేటర్లో కుళాయి నీళ్లు కూడా పోయకండి, డిస్టిల్డ్ వాటర్‌తో కూలెంట్ కలపండి.

డెట్రాయిట్_బాబాయ్:
అమ్మా, ఆ తగ్గిన బరువంతా బ్లాకుది కాదు, హెడ్లదీ (సిలిండర్ల మీది మూతలు) ఉంది. ఎల్‌ఎస్‌లో ఇనుప బ్లాకుకీ అల్యూమినియం బ్లాకుకీ తేడా 80 నుంచి 100 పౌన్లు. పాత ఇనుప 350కి అల్యూమినియం హెడ్లు వేసినా జతకి 40 పౌన్ల దాకా దిగుతుంది. తమ్ముడూ, టర్బో ఆలోచన ఉంటే మాత్రం ఇనుమే, బిగువు ఎక్కువ. ఇదంతా తర్వాత. ముందు బ్లాకు మీద నంబర్లు చూశావా? అది నిజంగా ఒరిజినల్ అయితే బోరింగ్ చేయించి ఆ బండిలోనే ఉంచు. దాన్ని తీసి ఎల్‌ఎస్ పెడితే బండి విలువ పోతుంది.

గోదారి_గేర్‌బాక్స్:
బాబాయ్, రాత్రి టార్చి పట్టుకుని కిందికి దూరా. బెల్‌హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటు) దగ్గర జిడ్డు గీకితే 3970010 కనపడింది. 69 నంబరే కదా అని సంబరపడ్డా.

డెట్రాయిట్_బాబాయ్:
ఆగాగు. ఆ నంబరు బ్లాకులు 1969 నుంచి 70ల చివరిదాకా పోత పోశారు, ట్రక్కులకి కూడా. రెండో పక్క తేదీ ఉంటుంది, ఒక అక్షరం, అంకెలు. అది చూడు.

గోదారి_గేర్‌బాక్స్:
చూశా. సి 14 4. సి మూడో అక్షరం, అంటే 1974 మార్చి 14 కదా? బండి కంటే ఇంజిన్ ఐదేళ్లు చిన్నది. ఇంజిన్ ముందున్న ప్యాడ్ (నంబర్లు కొట్టే చదును చోటు) మీద అంకెలు కూడా డాష్‌బోర్డు మీది బండి నంబరుతో కలవలేదు. అమ్మినాయన ఫోనెత్తట్లేదు.

ఆటోనగర్_అబ్బాయి:
పోన్లే అన్నా, ఒరిజినల్ అన్న బెంగ తీరింది. ధైర్యంగా కోయొచ్చు.

గోదారి_గేర్‌బాక్స్:
సోనిక్ టెస్ట్‌లో గోడలు బాగానే ఉన్నాయన్నారు. ముప్పై థౌ బోరింగ్‌కి ఇచ్చేశా, అల్యూమినియం హెడ్లు ఆర్డర్ పెట్టా. వదినా, టార్క్ రెంచ్ కూడా.