గోడకు పటం బిగించడానికి కాంట్రాక్టర్ లైసెన్స్ ఎందుకు? (కాలిఫోర్నియా)

ఫ్రేముల కొట్టు, ఫ్రీమాంట్:
నేనూ మా ఆవిడా కలంకారీలకూ తంజావూరు పటాలకూ ఫ్రేములు కట్టి అమ్ముతాం. అడిగితే ఇంటికి వెళ్లి గోడకు బిగించి ఇస్తాం. కూలీ, సామాను కలిపి 1,000 డాలర్ల లోపు పనికి లైసెన్స్ అక్కర్లేదు కదా (2025 జనవరికి ముందు ఇది 500 ఉండేది). ఇప్పుడు ఒక ఆఫీసు వాళ్లు బిగింపు పనికే 1,400 ఇస్తామన్నారు, రెండు బిల్లులుగా రాసుకోమంటున్నారు. రాయొచ్చా?

శాక్రమెంటో అన్న:
వద్దు తమ్ముడూ. ఒకే పనిని ముక్కలు చేసి బిల్లు రాస్తే మినహాయింపు వర్తించదని చట్టంలోనే ఉంది. లైసెన్స్ కావాల్సిన పని అది లేకుండా చేస్తే, డబ్బు ఎగ్గొట్టినా కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేవు. ఇచ్చిన డబ్బు కూడా వాళ్లు వెనక్కి అడగొచ్చు. ఇంకో సంగతి, ఆ పనికి జీతానికి మనిషిని పెట్టుకుంటే 1,000 లోపు మినహాయింపు కూడా పోతుంది.

పటాల పనివాడు:
నేను ఈ పనే చేస్తాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కాంట్రాక్టర్ల లైసెన్స్ చట్టంలో సెక్షన్ 7045 చదవండి. కట్టడంలో స్థిరమైన భాగం అయిపోని తయారు వస్తువును అమ్మినా, బిగించినా లైసెన్స్ అక్కర్లేదు. కొక్కేనికి వేలాడే పటం తీస్తే వచ్చేస్తుంది. గోడకు అతికించిన మొజాయిక్ అలా రాదు. మీ పటాలు ఏ కోవలోకి వస్తాయో లైసెన్స్ బోర్డుకు రాసి అడగండి.

నా బాధ వేరే. మొన్న ఒకరింట్లో సోఫా పైన టేకు చెక్కడం పెట్టమన్నారు, ముప్పై కిలోలు ఉంటుంది. సరిగ్గా సోఫా మధ్యలోకే రావాలన్నారు. తట్టి చూస్తే అక్కడ వెనక స్టడ్ (గోడ లోపల బరువు మోసే నిలువు కర్ర) లేదు, అంతా అరంగుళం డ్రైవాల్ (జిప్సం పలక). రెండు పక్కల స్టడ్‌లకూ అందేలా అడ్డంగా ఒక చెక్క పట్టీ బిగించి, దాని మీద వేలాడదీశాను. రెండు గంటలు పట్టింది, 150 డాలర్లు తీసుకున్నాను. ఆ సోఫాలో పిల్లలు పడుకుంటారు, ఇది భూకంపాల నేల. కానీ డబ్బు లెక్కన చూస్తే ఇది చిన్న పని, ఎవరైనా చేసేయొచ్చు. తేలికపాటి పటాలు పన్నెండు బిగిస్తే మాత్రం పెద్ద పని! కొలవాల్సింది బరువునూ, పట్టునూ.

శాక్రమెంటో అన్న:
బరువు చూసేదెవరు? బిల్లయితే కాగితం మీద ఉంటుంది. లైసెన్స్‌కు నాలుగేళ్ల అనుభవం, పరీక్షలు, 25,000 డాలర్ల బాండు (హామీ పత్రం) అడిగేది ఊరికే కాదు.

పటాల పనివాడు:
ఆ బాండు మొత్తం కట్టక్కర్లేదన్నా, ఏటా ప్రీమియం కడితే చాలు. కానీ పటాలు తగిలించేవాడు ఆ నాలుగేళ్ల అనుభవం ఎవరి దగ్గర సంపాదించాలి? ఈ పని వరకే ఒక చిన్న పరీక్ష పెట్టమనండి, రేపే వెళ్లి రాస్తాను.

ఫ్రేముల కొట్టు, ఫ్రీమాంట్:
రెండు బిల్లులు రాయనని చెప్పేశాను. బోర్డుకు ఈ రాత్రే మెయిల్ పెడతాను, జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.