ఆయన సన్నగానే ఉంటారు, టెస్ట్‌కి మాత్రం రానంటున్నారు

కావలి టైలర్:
మాది కావలి. జాకెట్లు, ప్యాంట్లు కుడతాను. వయసు 41, ఎత్తు 155 సెంటీమీటర్లు. పోయిన సంక్రాంతికి 74 కిలోలు ఉన్నా. ఒంట్లో ఏ బాధా లేదు. "నీకేం, పుష్టిగా ఉన్నావు" అనేవాళ్ళు, నేనూ అదే అనుకునేదాన్ని. తర్వాత మూడు నెలల సగటు చెప్పే షుగర్ టెస్ట్‌లో 6.2 వచ్చింది. ఇంకా షుగర్ కాదు గానీ అంచున ఉన్నావన్నారు డాక్టరు. తెల్లారుజామున నడిచి, రాత్రిపూట అన్నం తగ్గించి 67కి దిగా. నా జాకెట్లన్నీ నేనే రెండు పక్కలా లోపలికి కుట్టుకున్నా. ఎంత సంతోషమేసిందో.

మొన్న అల్లూరులో పెళ్ళికి పోతే ఒక్కరు కూడా బాగున్నావనలేదు. "ఏందే అట్లా చిక్కిపోయావు, ఏం జబ్బు?" అనే అడిగారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నాకే నీరసంగా అనిపించింది. ముందు రోజు దాకా ఆ నీరసం లేదు!

అసలు దిగులు మా ఆయన గురించి. 168 సెంటీమీటర్లు, 64 కిలోలు, కాళ్ళూ చేతులూ సన్నం. రొయ్యల గుంటల దగ్గర పని. వాళ్ళ నాన్నకి షుగర్ ఉంది. టెస్ట్ చేయించుకోమంటే "అవి లావుగా ఉన్నవాళ్ళ జబ్బులు, నాకెందుకు" అంటారు. ఏం చెప్పి ఒప్పించాలి?

పొదిలి ఏఎన్ఎం:
అక్కా, పెళ్ళిలో మాటలకి బాధపడొద్దు. మన పెద్దవాళ్ళు టీబీ చూసినవాళ్ళు. దాని పేరే క్షయ, మనిషి కరిగిపోవడం. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గితే ఇప్పటికీ అనుమానించాల్సిందే, షుగర్ బాగా పెరిగినా అలా తగ్గుతారు. మీరు నడిచి తగ్గారు, అది వేరు. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 30.8 నుంచి 27.9కి వచ్చింది. మనవాళ్ళకి 23 నుంచే అధిక బరువు కింద లెక్క, కాబట్టి నడక ఆపకండి.

మీ ఆయనది 22.7, బరువు చూస్తే ఏ తప్పూ కనపడదు. నాకు ఇలాంటి వాళ్ళ గురించే భయం. సర్వేకి పోతే లావుగా ఉన్నవాళ్ళు వాళ్ళే చెయ్యి చాపుతారు. సన్నగా ఉన్నవాళ్ళు "మాకెందుకమ్మా" అని లోపలికి పోతారు. 30 దాటితే అందరికీ చూడాలి. టేపు మీ చేతిలోనే ఉందిగా, ముందు ఆయన నడుము కొలవండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఆడవాళ్ళకి 80.

ఒంగోలు వాసి:
పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఆ ఫొటో మీ ఆయనకి చూపించండమ్మా.

మా నాన్న కూడా బక్కపలచని మనిషి. కాలి పుండు ఎంతకీ మానకపోతే గానీ షుగర్ అని తెలియలేదు. వేలు తీసేశారు. ఇది రాయడానికి మనసొప్పడం లేదు, అయినా రాస్తున్నా.

కావలి టైలర్:
కొలిచాను చెల్లీ. 33 అంగుళాలు, అంటే 84. పర్వాలేదా?

పొదిలి ఏఎన్ఎం:
ప్యాంటు కట్టుకునే చోట కొలిచారేమో. అక్కడ కాదక్కా. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా చూడండి.

కావలి టైలర్:
36న్నర! దాదాపు 93 సెంటీమీటర్లు. ఇన్నేళ్ళుగా పొట్ట కింద కొలిచి 33 అని రాసుకుని ఆయనకి ప్యాంట్లు కుడుతున్నా. టేపు మీద అంకె ఆయన చేతే చదివించా, ఒంగోలు అన్నా, మీరు చెప్పిన పుండు సంగతి కూడా చదివి వినిపించా. చాలాసేపు మాట్లాడలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ "పొద్దున్నే పోదాంలే" అన్నారు. ఆయనకి లేవగానే టీ పడాలి. తాగి రావొచ్చా?

పొదిలి ఏఎన్ఎం:
పరగడుపున చేసే టెస్ట్‌కి టీ కూడా వద్దక్కా, మంచినీళ్ళు తాగొచ్చు. రాత్రి భోజనం అయ్యాక కనీసం 8 గంటలు గడవాలి. ఫ్లాస్కులో పోసి తీసుకెళ్ళండి, రక్తం ఇవ్వగానే తాగుతారు.