హాకీ పట్టికలో ‘మ్యాజిక్ నంబర్’ను తెలుగులో ఏమందాం?

లలిత: ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మీద ఒక వ్యాసం తెలుగులోకి వస్తోంది. అందులో ప్లేఆఫ్స్‌కు ముందు “ఆ జట్టు మ్యాజిక్ నంబర్ 5కు దిగింది” అని ఒక వాక్యం ఉంది. తెలుగు ప్రతిలో అది “మ్యాజిక్ ఫిగర్‌కు 5 పాయింట్ల దూరంలో ఉంది” అయింది. చదవడానికి సాఫీగానే ఉన్నా అర్థం తేడా కొడుతోందని అనుమానం. ‘మాయా సంఖ్య’ అంటే బాగుంటుందని ఇంకొకరి సూచన. మాట ఏదైతే సరిపోతుంది? అసలు ఆ 5 ఎలా వస్తుంది?

సుధాకర్: లలిత గారూ, అనుమానం సరైనదే. మన పత్రికల్లో ‘మ్యాజిక్ ఫిగర్’ ఎన్నికల మాటగా స్థిరపడిపోయింది. తెలంగాణ శాసనసభలో 119 స్థానాలు కనుక 60, ఆంధ్రప్రదేశ్‌లో 175 కనుక 88, లోక్‌సభలో 543 కనుక 272. ఓట్ల లెక్కింపు మొదలుకాక ముందే ఆ అంకె తెలుసు, సాయంత్రమైనా మారదు. హాకీ మ్యాజిక్ నంబర్ అంటే బెర్తు ఖాయం కావడానికి ఇంకా ఎంత మిగిలిందో చెప్పే అంకె. అది మారకుండా ఉండదు, రోజురోజుకూ తగ్గుతూ సున్నాకు చేరుతుంది. రోడ్డు పక్క రాయి మీద ఇంకెన్ని కిలోమీటర్లో చెప్పే అంకె లాంటిది ఇది. మ్యాజిక్ ఫిగర్ అంటే చేరవలసిన ఊరు. రెంటినీ కలిపి “మ్యాజిక్ ఫిగర్‌కు 5 దూరం” అంటే, లీగ్‌లో ఎక్కడో ఒక స్థిరమైన గీత గీసి ఉందని పాఠకుడు అనుకుంటాడు. అలాంటి గీత లేదు.

‘మాయా సంఖ్య’ వద్దు. పరమాణు కేంద్రకాల పాఠంలో 2, 8, 20, 28, 50, 82, 126లను అలా పిలుస్తారు. పైగా ఈ లెక్కలో మాయేమీ లేదు, కూడికలూ తీసివేతలే.

వేణు: లెక్క నేను చెబుతాను. అది తెలిస్తే ఏ మాట నప్పుతుందో, ఏది నప్పదో తేలిపోతుంది.

ఎన్‌హెచ్‌ఎల్‌లో గెలుపుకు 2 పాయింట్లు. 60 నిమిషాల ఆటలోనే ఓడితే 0. అప్పటికి స్కోరు సమమై, అదనపు సమయం ఓవర్‌టైమ్‌లోగానీ, అక్కడా తేలకపోతే వచ్చే షూటౌట్‌లోగానీ ఓడితే 1. పట్టికలో ‘ఓటీఎల్’ అనే గడి ఈ చివరి రకం ఓటములది. మన జట్టు ‘అ’, దాన్ని తరుముతున్న జట్టు ‘ఆ’ అనుకుందాం.

‘ఆ’ గరిష్ఠం = దాని పాయింట్లు + (మిగిలిన మ్యాచ్‌లు × 2)
మ్యాజిక్ నంబర్ = ‘ఆ’ గరిష్ఠం + 1 − ‘అ’ పాయింట్లు

‘అ’ దగ్గర 92 పాయింట్లు ఉన్నాయి. ‘ఆ’ దగ్గర 86 ఉన్నాయి, 7 మ్యాచ్‌లు మిగిలాయి. ‘ఆ’ అన్నీ గెలిస్తే 100 దాకా వెళ్తుంది. 100 + 1 − 92 = 9. ఈ రాత్రి ‘అ’ ఓవర్‌టైమ్‌లో ఓడింది, 1 పాయింటు వచ్చింది, నంబర్ 8 అయింది. ఇంకో ఊళ్లో ‘ఆ’ 60 నిమిషాల్లోనే ఓడింది, దాని గరిష్ఠం 98కి పడింది, నంబర్ 6 అయింది. ‘అ’ ఓడిన రాత్రే దాని నంబర్ మూడు తగ్గిందన్నమాట.

లలిత గారు ఎత్తిచూపిన వాక్యంలో రెండో తప్పు ఇక్కడ ఉంది. “5 పాయింట్ల దూరం” అంటే ఆ 5ను జట్టు తానే సంపాదించాలని అర్థం వస్తుంది. నిజానికి మనం సాధించిన పాయింట్లు, ప్రత్యర్థి చేజార్చుకున్న పాయింట్లు, రెండూ కలిసి 5 అయితే చాలు.

పద్మజ: బేస్‌బాల్‌లో మ్యాచ్‌కు ఒకటే తగ్గుతుంది కదా, హాకీలో ఎందుకు ఇలా?

వేణు: పద్మజ గారూ, బేస్‌బాల్‌లో పాయింట్లు లేవు, గెలుపోటములే. సీజన్‌లోని 162 మ్యాచ్‌లకు 1 కలిపి, దాంట్లోంచి మన గెలుపులూ ప్రత్యర్థి ఓటములూ తీసేస్తే వాళ్ల మ్యాజిక్ నంబర్. అందుకే అక్కడ అది మ్యాచ్‌ల లెక్క. హాకీది పాయింట్ల లెక్క. “మ్యాజిక్ నంబర్ 5, అంటే ఇంకా 5 విజయాలు కావాలి” అని రాస్తే పెద్ద తప్పు. ప్రత్యర్థి ఒక్క పాయింటూ వదలకపోయినా 3 విజయాలు సరిపోతాయి. 2 విజయాలు, ఒక ఓవర్‌టైమ్ ఓటమి అయినా చాలు.

ఆ రెండు జట్లే తలపడితే నంబర్ ఎలా కదులుతుందో చూడండి. ‘అ’ 60 నిమిషాల్లో గెలిస్తే 4 తగ్గుతుంది: తనకు 2 వచ్చాయి, ప్రత్యర్థికి 2 పోయాయి. ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిస్తే 3. అలా ఓడితే 1. నేరుగా ఓడితే కదలదు. సీజన్ చివర, ఏప్రిల్ మొదటి వారంలో, ముఖాముఖి మ్యాచ్‌కు అంత విలువ అందుకే.

సుధాకర్: ఆ “+ 1” గురించి కూడా చెప్పండి. చాలామంది అక్కడే తడబడతారు.

వేణు: పాయింట్లు సమమైతే ఎవరు పైన అన్నది ముందే తేలకపోతే ఒక పాయింటు ఎక్కువ ఉండి తీరాలి, “+ 1” అందుకు. సమమైనా మనమే పైన ఉంటామని ఖాయమైతే దాన్ని వదిలేయాలి.

2019-20 సీజన్ నుంచి వరస ఇది. సీజన్ మ్యాచ్‌లన్నీ అయ్యాక పాయింట్లు సమమైతే మొదట ‘ఆర్‌డబ్ల్యూ’, అంటే 60 నిమిషాల్లో సాధించిన గెలుపులు చూస్తారు. అవీ సమమైతే ‘ఆర్‌ఓడబ్ల్యూ’, అంటే వాటికి ఓవర్‌టైమ్ గెలుపులు కూడా కలిపిన లెక్క. షూటౌట్‌వి ఇందులోకి రావు. ఆ తర్వాత మొత్తం గెలుపులు, ఆపై ముఖాముఖి పాయింట్లు, ఆపై గోల్స్ తేడా. ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ ఆఖరి మ్యాచ్ దాకా అటూఇటూ ఊగుతుంది. ఆర్‌డబ్ల్యూ అలా కాదు, మ్యాచ్‌కు ఒకటికి మించి పెరగదు. కనుక మన ఆర్‌డబ్ల్యూ ఆధిక్యం ప్రత్యర్థికి మిగిలిన మ్యాచ్‌ల కన్నా ఎక్కువైతే “+ 1”ను నిశ్చింతగా తీసేయవచ్చు.

లలిత: నిజంగా జరిగినది ఒకటి ఉంటే పాఠకుడికి పట్టుబడుతుంది.

వేణు: 2024 ఏప్రిల్ 16 కన్నా మంచి రోజు దొరకదు. లీగ్‌లోని రెండు కాన్ఫరెన్స్‌లలో (విభాగాల్లో) ఒకటైన ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఒక్క బెర్తు మిగిలింది, నాలుగు జట్లు రేసులో ఉన్నాయి. ఆ ఉదయం వాషింగ్టన్ 89, డెట్రాయిట్ 89, పిట్స్‌బర్గ్ 88, ఫిలడెల్ఫియా 87. అందరికీ ఒక్కో మ్యాచే మిగిలింది.

వాషింగ్టన్ వైపు నుంచి చూడండి. డెట్రాయిట్ గరిష్ఠం 91. సూత్రాన్ని గుడ్డిగా వేస్తే 91 + 1 − 89 = 3. ఒక్క మ్యాచ్‌లో 3 పాయింట్లు రావు కనుక వాషింగ్టన్ గెలిచినా డెట్రాయిట్ కోసం ఎదురుచూడాలన్నమాట. అది తప్పు. ఆర్‌డబ్ల్యూలో డెట్రాయిట్ అందుకోలేనంత ముందుంది వాషింగ్టన్, సీజన్ ముగిసేసరికి అవి 32, 27. కాబట్టి “+ 1” పోయి అసలు నంబర్ 2, గెలిస్తే బెర్తు ఖరారు. డెట్రాయిట్ వైపు నుంచి మాత్రం వాషింగ్టన్‌తో లెక్క 3గానే నిలబడింది. పాయింట్లు సమానం, మ్యాచ్‌లు సమానం, అయినా ఒకరి నంబర్ 2, ఇంకొకరిది 3. డెట్రాయిట్ ఆ రాత్రి షూటౌట్‌లో గెలిచి 91కి వచ్చింది. వాషింగ్టన్ కూడా గెలిచి 91 చేసింది. డెట్రాయిట్ ఇంటికి వెళ్లింది.

ఇక ఫిలడెల్ఫియా. దాని గరిష్ఠం 89. వాషింగ్టన్‌కు ఇంకొక్క పాయింటు వస్తే 90, ఫిలడెల్ఫియా పని అయిపోయినట్టే. ఆ రాత్రి ఆడుతున్నది ఆ వాషింగ్టన్‌తోనే. స్కోరు 1-1. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్తే చాలు, ఓడినా గెలిచినా వాషింగ్టన్‌కు ఆ పాయింటు వచ్చేస్తుంది. అందుకే ఆఖరిదైన మూడో పీరియడ్ చివర్లో, స్కోరు సమంగా ఉండగానే, ఫిలడెల్ఫియా తన గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ని దించింది. మామూలుగా వెనకబడిన జట్టు చేసే పని అది. వాషింగ్టన్ ఆటగాడు టి.జె. ఓషీ ఆ ఖాళీ గోల్‌లోకి కొట్టాడు, వాషింగ్టన్ 2-1తో నెగ్గింది. ఈ లెక్క తెలియని వాళ్లకు అది పిచ్చి పనిగా కనిపిస్తుంది. లెక్క తెలిస్తే, ఫిలడెల్ఫియాకు వేరే దారి లేదని అర్థమవుతుంది.

పద్మజ: అయితే ఫిలడెల్ఫియా వైపు ఉన్నది మ్యాజిక్ నంబర్ కాదు కదా. ఆంగ్ల పత్రికలు ‘ట్రాజిక్ నంబర్’ అంటుంటాయి.

వేణు: అవును, సూత్రం అదే, దిక్కు వేరు. మన గరిష్ఠంలోంచి పై జట్టు పాయింట్లు తీసేసి 1 కలపాలి. ఫిలడెల్ఫియాకు 89 − 89 + 1 = 1. పై జట్టు సాధించినా, మనం పోగొట్టుకున్నా ఇది తగ్గుతుంది, సున్నా అయితే రేసులోంచి బయటికే.

సుధాకర్: తరిమే జట్టును ఎలా ఎంచుకోవాలో కూడా రాయాలి. పట్టికలో మన కింద ఉన్న జట్టునే ప్రత్యర్థిగా తీసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. తొమ్మిదో స్థానంలో ఉన్న జట్టుకు 88 పాయింట్లు, 3 మ్యాచ్‌లు మిగిలాయి, గరిష్ఠం 94. పదో జట్టుకు 87, మిగిలినవి 5, గరిష్ఠం 97. లెక్క పదో జట్టుతో వేయాలి. చూడవలసింది గరిష్ఠాన్నే, ఇప్పటి స్థానాన్ని కాదు.

వేణు: దానికి తోడు డివిజన్ల చిక్కు. ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి 8 జట్లు వెళ్తాయి: రెండు డివిజన్లలో మొదటి మూడేసి, మిగిలిన వాటిలో ఎక్కువ పాయింట్లున్న రెండు వైల్డ్ కార్డులు. ఒక డివిజన్ మరీ బలంగా ఉండి, కాన్ఫరెన్స్ మొదటి ఎనిమిదిలో ఆరు జట్లు దానివే అయినా ఐదింటికే చోటు. ఎనిమిదో స్థానంలో ఉన్న ఆ ఆరో జట్టు ఇంటికి, దానికన్నా తక్కువ పాయింట్లున్న రెండో డివిజన్ మూడో జట్టు ప్లేఆఫ్స్‌కు. కనుక ఏ బెర్తు కోసం మ్యాజిక్ నంబరో వాక్యంలోనే చెప్పాలి: డివిజన్ మొదటి మూడా, వైల్డ్ కార్డా, డివిజన్ టైటిలా.

ఇంకో సంగతి. జంటలు జంటలుగా వేసే ఈ లెక్క ఒక్కోసారి నిజం కన్నా వెనకబడి ఉంటుంది. ‘అ’ 94 పాయింట్లతో సీజన్ ముగించింది. ‘ఆ’, ‘ఇ’ చెరో 93తో ఉన్నాయి, మిగిలిన ఒక్క మ్యాచ్ ఆ రెంటి మధ్యే, మిగిలిన బెర్తు ఒక్కటే. విడివిడిగా చూస్తే రెంటితోనూ ‘అ’ ట్రాజిక్ నంబర్ 2, ప్రాణం ఉన్నట్టే. కానీ ఆ మ్యాచ్‌లో ఎవరో ఒకరు గెలవక తప్పదు, ఆ జట్టుకు 95 వస్తాయి. ‘అ’ కథ ముందే ముగిసింది. మిగిలిన మ్యాచ్‌లు ఎవరెవరి మధ్యో చూడకుండా “సాంకేతికంగా ఆశలు సజీవం” అని రాయకూడదు.

పద్మజ: “95 పాయింట్లు వస్తే ప్లేఆఫ్స్ గ్యారంటీ” అంటారే, అదేమిటి?

సుధాకర్: అదొక అంచనా. హాకీలో మన మ్యాజిక్ ఫిగర్‌కు దగ్గరగా వచ్చేది ఏదైనా ఉంటే అదే, కానీ దానికి హామీ లేదు. 2018-19లో మాంట్రియల్ 96 సాధించీ బయటే ఉంది. 2024-25లో సెయింట్ లూయిస్, కాల్గరీ రెండూ 96 దగ్గరే ఆగాయి, ఆర్‌డబ్ల్యూతో సెయింట్ లూయిస్ వెళ్లింది, కాల్గరీ ఆగిపోయింది. మధ్యలో వాషింగ్టన్ 91తోనే లోపలికి వెళ్లడం పైన చూశాం.

లలిత: అయితే మాట?

సుధాకర్: నా సూచన: మొదటిసారి ‘మ్యాజిక్ నంబర్’ అనే రాసి పక్కనే విడమరచండి, తర్వాత ‘ఖరారు లెక్క’ అనండి. “బెర్తు ఖరారు” మన క్రీడా పేజీల్లో ఎప్పటినుంచో ఉన్నదే, పాఠకుడు తడుముకోడు. ట్రాజిక్ నంబర్‌కు ‘నిష్క్రమణ లెక్క’. ‘విషాద సంఖ్య’ లాంటివి వద్దు.

వేణు: ‘ఖరారు లెక్క’ బాగుంది. వాక్యం ఇలా పెట్టవచ్చు: “జట్టు ఖరారు లెక్క 5కు దిగింది. అది సాధించే పాయింట్లు, వెంటాడుతున్న జట్టు చేజార్చుకునే పాయింట్లు కలిసి 5 అయితే ప్లేఆఫ్స్ బెర్తు దక్కినట్టే.” వెంటాడుతున్న జట్టు పేరు, ఏ రాత్రి మ్యాచ్‌ల దాకా వేసిన లెక్కో కూడా రాయండి. పట్టికలో జట్టు పేరు పక్కన ‘ఎక్స్’ ఉంటే ప్లేఆఫ్స్ ఖరారు, ‘వై’ ఉంటే డివిజన్ టైటిల్, ‘ఈ’ ఉంటే నిష్క్రమణ అని కింద చిన్న అక్షరాల్లో ఇవ్వండి.

పద్మజ: మహిళల లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్‌కూ ఇదే సూత్రమా?

వేణు: సూత్రం అదే, ‘× 2’ బదులు ‘× 3’ వేయాలి. అక్కడ 60 నిమిషాల్లో గెలిస్తే 3, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిస్తే 2, అలా ఓడితే 1. మన హైదరాబాద్ తూఫాన్స్ ఆడే హాకీ ఇండియా లీగ్‌లోనూ నేరుగా గెలిస్తే 3, షూటౌట్‌లో గెలిస్తే 2, ఓడితే 1. ముఖాముఖి లెక్క కూడా మారుతుంది: నేరుగా గెలిస్తే 6 తగ్గుతుంది, షూటౌట్‌లో గెలిస్తే 4, షూటౌట్‌లో ఓడితే మనకు వచ్చిన 1, వాళ్లకు తగ్గిన 1 కలిపి 2.

పీడబ్ల్యూహెచ్‌ఎల్‌లో నిష్క్రమణ లెక్కకు ఇంకో పని ఉంది. రేసులోంచి తప్పుకున్న జట్టు ఆ క్షణం నుంచి సాధించే పాయింట్లను విడిగా కూడతారు, ఎక్కువ ఉన్నవాళ్లకే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. తప్పుకున్నది మంగళవారమా గురువారమా అన్నది తేడా పడితే మధ్యలో ఆడిన మ్యాచ్ పాయింట్లు ఆ కూడికలోకి రావు. అక్కడ ‘ఈ’ గుర్తు ఏ మ్యాచ్ తర్వాత పడిందో తప్పకుండా రాయాలి.