విజయవాడ బోర్డుకు పాయింటు ఇవ్వాలా, వద్దా?

హైవే కోడలు:
హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు మా కారులో నిరోష్ఠ్యం ఆట నడుస్తుంది. పెదవులు తగలకుండా చదవగలిగే బోర్డును ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లకి పాయింటు. చిట్యాల, నకిరేకల్ దగ్గర పేచీ ఉండదు. పంతంగి, నార్కట్‌పల్లి, సూర్యాపేట, నందిగామ ఎలాగూ లెక్కలోకి రావు. విజయవాడ బోర్డు కనిపించగానే రచ్చ మొదలు. ‘వ’లో పెదవులు తగలవని మా అమ్మాయి, తగులుతాయని మామగారు. తగవు వచ్చినప్పుడల్లా ఆయన ‘వకారస్య దం...’ అని మొదలుపెట్టి, మిగతాది గొణిగేస్తారు. అడిగితే ‘మీ ఫోన్లలో ఉండదా?’ అంటారు. ఆ ముక్క పూర్తిగా ఎవరికైనా వచ్చా? ‘వ’ లోపలా, బయటా?

కౌముది పాఠకుడు:
‘వకారస్య దన్తోష్ఠమ్’, అంటే సంస్కృత వ్యాకరణం లెక్కలో ‘వ’ పుట్టే చోటు పళ్లూ పెదవీ. అంతే, గొణగడానికి ఇంకేమీ లేదు! దానికి పైన ‘ఉపూపధ్మానీయానామోష్ఠౌ’ (ఉ, ఊ, ప వర్గం పుట్టేది పెదవుల్లో), ‘ఓదౌతోః కణ్ఠోష్ఠమ్’ (ఓ, ఔ పుట్టేది కంఠంలో, పెదవుల్లో) కూడా ఉన్నాయి. కాబట్టి వ ఒక్కటే కాదు. ఉ, ఊ, ఓ, ఔ కూడా ఔట్. మామగారిదే గెలుపు. కట్టంగూరు, కోదాడలకు పాయింట్లు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి.

అంతస్థం:
స్థానం (అక్షరం పుట్టే చోటు) వేరు, ప్రయత్నం (పలికే తీరు) వేరు మాస్టారూ. ‘కాదయో మావసానాః స్పర్శాః’ అన్నారు. క మొదలు మ దాకానే స్పర్శాలు, అంటే తాకి పలికేవి. వ అంతస్థం (య, ర, ల, వ), ఉ అచ్చు. ఇక తగలడం ఎక్కడిది?

కౌముది పాఠకుడు:
అంతస్థాలకు ‘ఈషత్‌స్పృష్టం’ అని ఉంది కదండీ, దాన్ని మెల్లగా దాటేశారేం? కొంచెం తాకినా తాకినట్టే.

అంతస్థం:
ఏది దేన్ని తాకింది? కింది పెదవిని పై పళ్లు. పై పెదవి ఊసే లేదు. నిరోష్ఠ్యం అంటే రెండు పెదవులు కలవకూడదనే కదా. అద్దం ముందు నిలబడి ‘విజయవాడ’ అనండి, తర్వాత ‘బెజవాడ’ అనండి. తేడా మీకే కనిపిస్తుంది.

నల్లగొండ నేల:
అద్దాలెందుకు? ఆ ఊళ్లలో సగం మా పాత నల్లగొండ జిల్లావే. మరింగంటి కవులదీ మా సీమే. వాళ్లలో సింగరాచార్యులు రామకథంతా నిరోష్ఠ్యంగా రాశాడు. అందులో కష్టం చూడండి: రాముడు అనకూడదు, లక్ష్మణుడు అనకూడదు, భరతుడు అనకూడదు, హనుమంతుడు అనకూడదు. సీత, జనకుడు, కైక మాత్రం హాయిగా వస్తారు. అందుకే కావ్యం పేరు ‘దశరథరాజనందన చరిత్ర’. నా అనుమానం ఏమిటంటే, ‘వ’కు అనుమతి ఉంటే ‘రాఘవ చరిత్ర’ అని పొట్టిగా పెట్టేవాడు. అంత చుట్టు తిరిగాడంటే ‘వ’ నిషిద్ధమేనన్నమాట.

అంతస్థం:
భలే వారండీ, పేరు పొడుగైతే సాక్ష్యమా? కొడుకును తండ్రి పేరుతో చెప్పడం కావ్యాల్లో కొత్తేం కాదు. పైగా ఆ శీర్షికకు చివర ‘ము’ తగిలించి ‘చరిత్రము’ అని చూడండి, అక్కడికక్కడే పాయింటు పోతుంది.

డుమువుల దాసు:
అసలు ‘ఉ’ను తీసెయ్యాలన్న వారికి ఒక మనవి. తెలుగులో ప్రథమా విభక్తే డుమువులు. ఉకారం పోతే కర్తకు నోరు పెగలదు. జనకుడు రాడు, ఇల్లు ఉండదు, చెట్లు ఉండవు. సంస్కృత వ్యాకరణంలో ఉంది కదా అని ఇక్కడ అతికిస్తే తెలుగు పద్యం నడవదు. ఉ అన్నప్పుడు పెదవులు ముందుకొస్తాయి, గుండ్రమవుతాయి, కలవవు. మన లెక్కలో ప ఫ బ భ మ, ఈ ఐదూ చాలు.

ఫకారం ప్రేమికుడు:
ఐదా, నాలుగా? హైవే పొడుగునా ‘టిఫిన్స్’ బోర్డులే. ఆ ‘ఫి’ని ఫలం, ఫాలం లాగా ఒత్తి పలికేవాణ్ని నేను చూడలేదు. పళ్లు పెదవి మీద ఆనించి గాలి వదులుతాం. ‘వ’ని ఒప్పుకుంటే ‘టిఫిన్స్’నీ ఒప్పుకోవాలి. అప్పుడు స్కోరు వందలు దాటుతుంది, ఆట చచ్చిపోతుంది. అందుకని రెండూ వద్దు.

సున్న గారు:
మీరంతా సున్నను మరిచారు. పంతంగిలో సున్న ‘న’లాగా పలుకుతుంది సరే, అక్కడ ‘ప’ వల్ల ఎలాగూ ఔట్. ‘అన్నం’ చివర సున్న? పెదవులు మూసుకోకుండా అనండి చూద్దాం. ‘సింహం’లో అయితే రెండు సార్లు మూసుకుంటాయి. బోర్డు మీద ‘మ’ కనిపించలేదు కదా అని పాయింటు ఇచ్చేస్తే చెవి ఎందుకు, కళ్లెందుకు?

రాగమాలిక:
సంస్కృత కవి దండి రాసిన దశకుమార చరితంలో మంత్రగుప్తుడి కథను మించినది ఇంకోటి లేదు. ప్రియురాలు కొరికిన పెదవి నొప్పెడుతుంటే, అతను తన కథంతా పెదవులు కలపకుండా చెబుతాడు. నియమానికి అలాంటి కారణం కల్పించినవాడే కవి! సంగీతంలోనూ ఉంది. హరికేశనల్లూర్ ముత్తయ్య భాగవతార్ నిరోష్ఠ రాగంలో మ, ప స్వరాలే లేవు. ‘మ’, ‘ప’ అంటే పెదవులు కలుస్తాయి కదా మరి. ఆయన కట్టిన ‘రాజరాజరాధితే’లో సాహిత్యమూ అంతే.

కౌముది పాఠకుడు:
రాజరాజరాధితేలో ‘వ’ ఉందా లేదా చూసి చెప్పండి.

రాగమాలిక:
వినడానికి కూర్చుంటే అక్షరాలు లెక్కపెట్టబుద్ధి కాదండీ.

హైవే కోడలు:
అందరికీ ధన్యవాదాలు. ‘దన్తోష్ఠమ్’ మామగారికి వినిపించాను, ‘అదే అదే’ అన్నారు. అమ్మాయికి ‘ఈషత్‌స్పృష్టం’ వినిపిస్తే ‘ఈషత్ అంటే అర పాయింటు ఇవ్వండి’ అంటోంది. విజయవాడకు అర పాయింటు ఇస్తే శాస్త్రం ఒప్పుకుంటుందా?

డుమువుల దాసు:
శాస్త్రం సంగతేమో గానీ, చిల్లకల్లుకు పూర్తి పాయింటు ఇస్తున్నారా లేదా? చివర ‘లు’ ఉందని కొట్టేస్తే ఊరుకోను.

గోదావరి గట్టు:
ఉకారం తీసేస్తే మా వైపు ఏలూరూ తణుకూ పోతాయి. భీమవరం, పాలకొల్లు ముందే పోయాయి. ఎవరి సూత్రంతోనైనా అత్తిలి, ఆచంట మాత్రం నిక్షేపంలా ఉంటాయి. కాకపోతే అవి హైవే మీద లేవు, మలుపు తిరగాలి.