అప్‌డేట్: ఐడిల్‌లో ఇంజిన్ నిలకడ తప్పడానికి కారణం దొరికింది

ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ఇంజిన్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉందనీ, బానెట్ కింద సన్నని ఈల శబ్దంతో పాటు ఇంజిన్ పైభాగాన్ని మూసే వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోందనీ ఇంతకుముందు అడిగాను. లోపం పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే వాయువులు బయటికి వెళ్లే దారిని నియంత్రించే వాల్వ్) నుంచి ఇంటేక్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల అమరికకు) వెళ్లే రబ్బరు గొట్టంలో బయటపడింది. పైనుంచి చూస్తే అది బాగానే ఉంది. వంపు తిరిగే చోట అడుగువైపు వేలితో తడిమితే మెత్తగా, జిగటగా తగిలి, కొంచెం వంచగానే చీలిక విచ్చుకుంది.

పిస్టన్ రింగులను దాటి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ అడుగుభాగంలోకి) జారే వాయువులను మానిఫోల్డ్ ఈ గొట్టం ద్వారానే పీల్చుకుని సిలిండర్లలో మండిస్తుంది. వాటి స్థానంలోకి ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వచ్చే రెండో గొట్టం శుభ్రమైన గాలిని అందిస్తుంది. ఐడిల్‌లో మానిఫోల్డ్ పీల్పు చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాల్వ్ దారిని సన్నం చేస్తుంది. అయితే చీలిక వాల్వ్‌కు అవతల, మానిఫోల్డ్ వైపు ఉండటంతో ఆ నియంత్రణ పనిచేయక, గాలిని కొలిచే సెన్సర్ లెక్కకు అందని గాలి నేరుగా లోపలికి చేరి ఇంధనం-గాలి మిశ్రమాన్ని పలచన చేసింది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి పీల్పు తగ్గినప్పుడు ఆయిల్ ఆవిరి అదే చీలిక గుండా బయటికి వచ్చి చెమ్మగా పేరుకుంది.

కొత్త గొట్టంతో పాటు వాల్వ్‌నూ మార్పించాను. ఈల ఆగింది, ఐడిల్ నిలకడగా ఉంది. మార్చేవారు మామూలు నీళ్ల గొట్టం ముక్కను దయచేసి వాడవద్దు. ఆయిల్ ఆవిరికి అది ఉబ్బి మెత్తబడి, పీల్పుకు లోపలికి ముడుచుకుపోతుంది.